సెల్ఫ్‌ తీసుకోవట్లేదా... చెవిపెట్టి వినండి!

అంబాసిడర్‌... ఒకప్పుడు కలెక్టరు గారు ఊళ్లోకి వచ్చినా, పెళ్లికొడుకు విడిదింటికి వెళ్లినా అందులోనే. దాని తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్‌ పద్మిని అంతకన్నా చాలా ముందే సెలవు తీసుకుంది. అయినా తాతగారి గుర్తుగానో, నాన్న కొన్న మొదటి బండి అనో వాటిని షెడ్లో భద్రంగా దాచుకున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లందరికీ ఏదో ఒక రోజు ఎదురయ్యే కష్టం ఒకటే... తాళం తిప్పితే బండి పలకదు. ఇంకేముంది, 'పాత ఇనుముకి ఇచ్చేయండి' అని ఒకరి సలహా. 'బ్యాటరీ, సెల్ఫ్‌ మోటారు రెండూ కొత్తవి వేయాల్సిందే' అని ఇంకొకరి లెక్క. తీరాచూస్తే లోపం చాలాసార్లు ఓ వదులైన నట్టు దగ్గరో, తుప్పుపట్టిన వైరు దగ్గరో ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి కంప్యూటర్లు అక్కర్లేదు. కరెంటు వెళ్లే దారి తెలిస్తే చాలు.

లైటు వెలిగితే సరిపోదు

'హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి కదా, బ్యాటరీ బాగున్నట్టే' అనుకుంటారు చాలామంది. అక్కడే పొరబడతారు. హెడ్‌లైటు బల్బుకి నాలుగైదు ఆంపియర్ల కరెంటు చాలు. ఇంజిన్ని తిప్పే సెల్ఫ్‌ మోటారుకి వంద ఆంపియర్లకు పైనే కావాలి. అదంతా బ్యాటరీ నుంచి లావుపాటి కేబుల్‌ ద్వారా సొలినాయిడ్‌కి, అక్కణ్నుంచి మోటారుకి చేరి, ఇంజిను, ఛాసిస్‌ల మీదుగా మళ్లీ బ్యాటరీకి రావాలి. ఈ దారిలో ఎక్కడ పట్టు వదులైనా బండి మొరాయిస్తుంది.

అలాగని లైటు పనికిరాదనుకోకండి. మంచి సాక్షి అదే! గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, హెడ్‌లైట్లు వెలిగించండి. ఒకరిని తాళం తిప్పమని, మీరు ముందు నిలబడి చూడండి.

* లైటు బాగా మసకబారి, 'టకటకటక' అని చప్పుడొస్తే బ్యాటరీలో సత్తువ తక్కువ. లేదా టెర్మినళ్లకు తుప్పు పట్టింది.

* లైటు ఉన్నట్టుండి ఆరిపోతే టెర్మినల్‌ వదులైంది.

* లైటు తగ్గకుండా, చప్పుడే రాకపోతే తాళం స్విచ్చు, దాన్నుంచి వెళ్లే సన్న వైరు, సొలినాయిడ్‌... ఈ మూడింటినీ అనుమానించాలి.

* 'టక్‌'మని ఒక్కసారే చప్పుడై, లైటు అలాగే వెలుగుతుంటే సొలినాయిడ్‌ లోపలి కాంటాక్టులు కాలిపోవడమో, మోటారులో కార్బన్‌ బ్రష్‌లు అరిగిపోవడమో అయ్యుంటుంది.

* మోటారు గిర్రున తిరుగుతున్నా ఇంజిను కదలకపోతే దాని పళ్లచక్రం ఇంజిన్ని అందుకోవట్లేదన్నమాట.

మల్టీమీటరు ఉంటే మరీ మంచిది. నిండుగా ఛార్జయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12కి వచ్చిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడిని వంటసోడా కలిపిన వేణ్నీళ్లతో కడగొచ్చు. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు. ఆరాక బిగించి, పైన కాస్త వాజిలిన్‌ రాస్తే సరి.

రంగు వేయించాకే రోగం!

బండికి చక్కగా రంగు వేయించి తెచ్చుకున్నాక స్టార్ట్‌ కాకపోతే ముందుగా చూడాల్సింది ఎర్త్‌ పట్టీని. ఇంజిను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి కరెంటు ఛాసిస్‌కి చేరడానికి ఆ పట్టీయే దారి. దాని బోల్టు కింద రంగు పడితే దారి మూసుకుపోతుంది. అప్పుడు కరెంటు చోక్‌, యాక్సిలరేటర్‌ కేబుళ్ల మీదుగా వెళ్లాలని చూస్తుంది. స్టార్ట్‌ చేసేటప్పుడు ఆ కేబుల్‌ వేడెక్కుతోందంటే అనుమానం తీరినట్టే. బోల్టు కింద రంగు గీకి, లోహం కనిపించాక బిగిస్తే చాలు.

తిరుగుతోంది... అంటుకోదు

ఇంజిను చురుగ్గా తిరుగుతున్నా అంటుకోకపోతే, పెట్రోలు వస్తున్నట్టయితే, చూడాల్సింది నిప్పురవ్వను. డిస్ట్రిబ్యూటర్‌ మూత తీస్తే కాంటాక్ట్‌ పాయింట్లు కనిపిస్తాయి. నెలల తరబడి కదలని బండిలో వాటిమీద పొర కడుతుంది. సన్నటి ఎమరీ కాగితంతో తుడిచి, ఎడాన్ని మాన్యువల్‌లో చెప్పినంతకు సరిచేయాలి. అంబాసిడర్‌కైతే సుమారు 0.4 మిల్లీమీటర్లు. అయినా ఫలితం లేకపోతే అప్పుడు కండెన్సర్‌, కాయిల్‌ వంతు. డీజిల్‌ బండికి ఈ తంటా లేదు. అందులో చూడాల్సినవి హీటర్‌ ప్లగ్గులు.

ఇవి మరవొద్దు

ఛార్జయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్‌ వాయువు వస్తుంది. దగ్గర్లో సిగరెట్టు, అగ్గిపుల్ల వద్దు. పని మొదలుపెట్టే ముందు ఉంగరాలు, గడియారం తీసేయాలి. ఎర్త్‌ వైరు ముందు విప్పి, చివర్లో బిగించాలి. సెల్ఫ్‌ని పది సెకన్లకు మించి కొట్టొద్దు, మధ్యలో ఒక నిమిషం విరామమివ్వాలి. 1960ల నాటి బ్రిటిష్‌ కార్లలో చాలావాటికి పాజిటివ్‌ వైరే ఎర్త్‌. అది చూసుకోకుండా వేరే బండి నుంచి కరెంటు ఇస్తే అసలుకే మోసం.

'రోజూ అయిదు నిమిషాలు స్టార్ట్‌ చేసి ఆపేస్తున్నాం, అయినా బ్యాటరీ డౌన్‌ అవుతోంది' అంటుంటారు కొందరు. డైనమో ఉన్న పాత బండి ఐడిలింగ్‌లో దాదాపు ఏమీ ఛార్జ్‌ చేయదు. స్టార్ట్‌ చేయడానికి వాడిన కరెంటు కూడా తిరిగి రాదు. అంతకన్నా వారానికోసారి అరగంటపాటు రోడ్డెక్కించడం మేలు. కుదరకపోతే ఎర్త్‌ వైరు తీసి ఉంచాలి.

మరో మాట. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లకు ప్రత్యేకంగా వింటేజ్‌ రిజిస్ట్రేషన్‌ ఇచ్చేలా కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. అలాంటి బండికి విలువంతా అసలు భాగాల్లోనే ఉంటుంది. అందుకే కొత్త మోటారు కొనేముందు, పాతదాన్ని పారేసేముందు... ఒక్కసారి స్పానరు పట్టుకుని ఆ నట్టు బిగించి చూడండి!