నొప్పి లేని గడ్డ

మన ప్రాంతపు తల్లులు జ్వరము వచ్చినను, పిల్లవానికి దగ్గు పట్టినను వెంటనే ఇంటివారితో చెప్పుదురు. రొమ్ములో గడ్డ తగిలినప్పుడు మాత్రము చెప్పరు. స్నానము చేయుచుండగా చింతగింజంత గడ్డ యొకటి చేతికి తగులును. నొప్పి లేదు, ఇంటిపనికి గాని పొలముపనికి గాని అడ్డము లేదు. పాలు మాన్పించినప్పుడు పాలు గడ్డకట్టి యుండునని ఇంటిలోని అవ్వ ధైర్యము చెప్పును. పసుపు పట్టు వేయుదురు. పండుగ కానిమ్మని, వేరుసెనగ కోత కానిమ్మని, కూతురి పెండ్లి కానిమ్మని నెలలు గడచిపోవును. ఈ ఆలస్యమును గూర్చియే మేము వ్రాయదలచితిమి.

చీముగడ్డయైనచో ఎఱ్ఱబడును, వేడెక్కును, సలుపును. ఆ బాధయే మనిషిని వైద్యుని యొద్దకు నడిపించును. క్యాన్సరు గడ్డ అట్టిది కాదు. శరీరమందలి కణములు కొన్ని క్రమము తప్పి, ఆగవలసిన చోట ఆగక పెరుగుటయే ఈ వ్యాధి. ఆ పెరుగుదలకు మొదట వాపు లేదు, మంట లేదు. కావున నొప్పి లేదనుట ధైర్యమునకు కారణము కానేరదు. కాలము గడచిన కొలది ఆ కణములు చంకలోని గ్రంథులకును, పిమ్మట ఎముకలకును, ఊపిరితిత్తులకును, కాలేయమునకును ప్రాకును. మన పెద్దలు దీనిని రాచపుండనిరి. పుండుపడిన తరువాత మాత్రమే కంటబడిన వ్యాధికి పెట్టిన పేరు కాబోలు. పుండు పడకమున్నే దానిని కనిపెట్టుట నేడు సాధ్యము.

గడ్డ యొక్కటే గుర్తు కాదు. చర్మము నారింజ తొక్కవలె గుంటలు పడుట, చనుమొన క్రొత్తగా లోనికి పోవుట, దానినుండి నెత్తురు కారుట, చంకలో బిళ్ల కట్టుట, ఒక రొమ్ము ఆకారము మారుట – వీనిలో ఏది కనబడినను చూపించుకొనవలెను. అయితే ఒక మాట. చేతికి తగులు గడ్డలలో ఎక్కువ భాగము క్యాన్సరు కావు. ఆ సంగతి తేల్చవలసినది వైద్యులు గాని, పొరుగింటివారు కారు.

తల్లులు చెప్పకపోవుటకు సిగ్గు పెద్ద కారణము. ఈ సిగ్గు వెల ఎంతయో ఆర్కాటు మిషను చరిత్రలోనే కలదు. పందొమ్మిదవ శతాబ్దపు చివర తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత నొకరు వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలను చూడుమని ఐడా స్కడ్డరు అను యువతిని వేడుకొనిరి. ఆమె వైద్యము చదువలేదు. ఆమె తండ్రి డాక్టరు. కాని పురుషుడు చూడరాదని ముగ్గురును మరలిపోయిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆమె అమెరికాకు పోయి, 1899లో వైద్యపట్టము పొంది, చిత్తూరికి దగ్గరనున్న వేలూరులో 1900లో వైద్యము ప్రారంభించెను. స్త్రీలకు వైద్య పాఠశాలను 1918లో స్థాపించెను. నేడు లేడీ డాక్టర్లకు కొదువ లేదు. అయినను గడ్డను చీరకొంగు క్రింద దాచుకొను తల్లులు ఇంకను ఉన్నారు.

2022వ సంవత్సరములో మన దేశమున ఇంచుమించు 1,92,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా బయటపడినదనియు, 98,000 మంది దీనివలన మరణించిరనియు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అంచనా. భారత స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో ఇదియే మొదటిది. మందు లేక మరణించినవారికంటె ఆలస్యముగా వచ్చి మరణించినవారే ఎక్కువయని మా అభిప్రాయము.

త్వరగా కనిపెట్టుట వలన నిజముగా లాభము కలదా యని అడుగవచ్చును. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రివారు 1998లో లక్షన్నర మంది స్త్రీలతో ఒక పరిశోధన ప్రారంభించిరి. వారిలో సగముమందికి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్ల కొకసారి రొమ్ములను చేతితో పరీక్షించిరి. ఫలితము 2021లో వెలువడెను. ఏబది ఏండ్లు దాటినవారిలో ఈ వ్యాధి మరణములు దాదాపు 30 శాతము తగ్గెను. చిన్న వయసువారిలో అట్టి తగ్గుదల కనబడలేదు. చైనాలోని షాంఘై నగరమున మిల్లు పనివారగు స్త్రీలకు స్వయముగా పరీక్షించుకొనుట నేర్పి చూడగా, అది యొక్కటే మరణములను తగ్గింపలేదని 2002లో తేలెను. కావున అద్దము ముందు నిలిచి చూచుకొనుటతో పని ముగిసెనని తలంపరాదు. తన శరీరము ఎట్లుండునో తెలిసికొని, మార్పు కనబడిన వారములోనే పరీక్షకు పోవుట కావలసినది.

ముప్పది ఏండ్లు దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఈ పరీక్ష చేయు ఏర్పాటు కలదు. ఊరి ఆశా కార్యకర్తను అడిగిన చాలును. అనుమానమున్నచో తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి యున్నది. దేవస్థానమువారి స్థలములో టాటా ట్రస్టులవారు కట్టించిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సరు ఆసుపత్రి 2022లో తెరువబడెను. చిత్తూరువారికి వేలూరు దగ్గర. అచ్చట మ్యామోగ్రాము తీసి, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించుదురు. సూది గ్రుచ్చినచో వ్యాధి ప్రాకునను మాట వట్టిది. రొమ్మును పూర్తిగా తీసివేయుదురను భయమును అందరి విషయమున నిజము కాదు. గడ్డ చిన్నదిగా నున్నప్పుడు దానిని మాత్రము తీసి, రేడియేషను ఇచ్చి రొమ్మును కాపాడుట పెక్కు సందర్భములలో జరుగుచున్నది.

మగపిల్లలు తల్లితో ఈ మాట ఎట్లు చెప్పుదురని కొందరికి సంకోచము కలుగవచ్చును. చెప్పనక్కరలేదు, ఈ పత్రికను ఆమె చేతికిచ్చిన చాలును. ఆమెకు చదువు రానిచో అక్కయో పిన్నియో చదివి వినిపించును. ఖర్చును గూర్చి ఆమె వెనుదీసినచో, పూర్వము ఆరోగ్యశ్రీ యనబడిన ప్రభుత్వ పథకము క్యాన్సరు చికిత్సకును వర్తించునని తెలుపవలెను. ఆసుపత్రికి పోవునాడు ఆధారు కార్డును, బియ్యపు కార్డును వెంట నుంచుకొనవలెను.