ఎర్రచందనం మొలిచే తీరు

చందనమనగానే మనకు పరిమళం గుర్తుకు వస్తుంది. మా కడప కొండల ఎర్రచందనానికి మాత్రం చెప్పుకోదగ్గ వాసన లేదు. అసలది గంధపు చెట్టుకు చుట్టమే కాదు. కంది, చిక్కుడు చేరిన కుటుంబంలోది. మన అడవుల్లోని వేగిస చెట్టుకు దగ్గర బంధువు. సాన మీద అరగదీస్తే వచ్చే ఎరుపును చూసి పెద్దలు రక్తచందనమన్నారు కాబోలు. తెలుగు పాఠాలు చెప్పుకునే నేను, ఈ మాట వెంట బయలుదేరి చెట్టు దాకా వెళ్ళాను.

ఈ చెట్టు ప్రపంచమంతటిలోనూ తనంత తాను పెరిగేది తూర్పు కనుమల దక్షిణభాగంలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు, ఉమ్మడి కర్నూలు జిల్లా వైపు నల్లమలలో కొంత మేర దాని పుట్టిల్లు. రాతినేల, మండే ఎండ దానికి ఇష్టం. నీరు నిలిచే నేల గిట్టదు. దాని చేవ నీళ్ళలో వేస్తే మునుగుతుంది. ఆ చేవ కోసం జపానులో షామిసెన్ వాద్యం చేసేవారూ, చైనాలో కుర్చీలూ బల్లలూ చేసేవారూ ఆశపడ్డారు. ఆ ఆశే దొంగగొడ్డలికి దారి చూపింది. 1995 నుంచి సైటిస్ ఒప్పందం కింద విదేశీ వ్యాపారానికి ఆంక్షలున్నా దొంగరవాణా ఆగలేదు.

ఇంతకూ దొంగ కొట్టేది ఏ చెట్టును? తిన్నగా, లావుగా ఎదిగి చేవ పట్టినదాన్ని. అంటే విత్తనానికి మనం దాచుకోవలసిన తల్లిచెట్టునే!

పోనీ, మళ్ళీ మొలిపిద్దామా అంటే అది పెసలు చల్లినంత సులభం కాదు. వేసవిలో పూసిన పసుపుపచ్చని పూలు కాయలై పండేసరికి మరుసటి ఏడు ఫిబ్రవరి, మార్చి వస్తాయి. కాయ గుండ్రంగా ఉండి చుట్టూ రెక్క ఉంటుంది. నడుమ గట్టి పెంకు, అందులో ఒకటో రెండో గింజలు. కొన్ని వట్టి తాలు. రెక్క కత్తిరించి, కాయల్ని మూడు రోజులు పేడనీళ్ళలో నానబెట్టి మళ్ళలో వేస్తారు. రెండు వారాలకు మొలకలు కనబడతాయి. కొన్ని ఇంకా ఆలస్యం చేస్తాయి.

"తొందరపడితే రాదు సారూ, ఊరనీయాల," అన్నాడు నేను చూసిన నర్సరీలో ఒక ముసలి మాలి.

2025లో జాతీయ జీవవైవిధ్య సంస్థ లక్ష ఎర్రచందనం మొక్కలు పెంచి రైతులకిచ్చే పనికి మన రాష్ట్ర జీవవైవిధ్య మండలికి 82 లక్షల రూపాయలు మంజూరు చేసింది. మంచిదే. చేలగట్ల మీద చెట్లుంటే కొండ మీది చెట్లకు కొంత ఊపిరి దొరకవచ్చు.

అయితే ఒక సంగతి మరువరాదు. తోట వేరు, అడవి వేరు. ఒకటి రెండు చెట్ల గింజలతోనే లక్ష మొక్కలు పెంచితే అవన్నీ ఒకే ఇంటి పిల్లలవుతాయి. ఒక తెగులు వస్తే అన్నిటికీ ఒకే గతి పట్టవచ్చు. అడవి నిలవాలంటే వేర్వేరు కొండల్లో, అనేక తల్లిచెట్ల కింద కాయలు ఏరాలి. కాబట్టి మిగిలిన ముసలి చెట్లను కాపాడటమే మొదటి నర్సరీ పని.

మీకు మెట్టపొలం ఉంటే నాలుగు మొక్కలు నాటండి. కొట్టడానికి మాత్రం, సొంత పొలంలోనైనా సరే, అటవీశాఖ అనుమతి కావాలి. ఆ చింత ఇప్పట్లో అక్కరలేదు లెండి. చేవ కట్టేందుకు పాతికేళ్ళయినా పడుతుంది. ఆ అర్జీ మీ పిల్లలు పెట్టుకుంటారు.