టెలిగ్రాం పోయినా ‘డిట్ డా’ పోలేదు

ఒకప్పుడు ఊరికి తంతి వచ్చిందంటే గుండెలు జారిపోయేవి. పోస్టుమాన్ సైకిలు వేళగాని వేళ వీధిలోకి తిరిగితే, ఎవరింట ఏం జరిగిందోనని అరుగుల మీది వాళ్లు లేచి నిలబడేవారు. ఆ తంతిని తొలినాళ్లలో మోసుకొచ్చిన భాష మోర్స్ కోడ్. చుక్క, గీత, ఈ రెండే దాని వర్ణమాల.

తంతి ఆఫీసుల్లో టెలిప్రింటర్లు, కంప్యూటర్లు వచ్చాక ఆ టకటకలు తగ్గిపోయాయి. 2013 జూలైలో టెలిగ్రాం సర్వీసే మూతపడింది. సముద్రం మీది ఓడలు అంతకుముందే, 1999 ఫిబ్రవరి 1 నుంచి, ఉపగ్రహాల సాయంతో నడిచే కొత్త పద్ధతికి మారాయి. ఇప్పుడు ఆ భాష రోజూ పలికేది ముఖ్యంగా హామ్ రేడియో వాళ్ల దగ్గరే. ప్రభుత్వ పరీక్ష పాసై, లైసెన్సు పుచ్చుకుని, పైసా లాభం ఆశించకుండా సొంత వైర్‌లెస్ సెట్టుతో దేశవిదేశాల వారిని పలకరించే వారిని హామ్‌లంటారు. చేతిలో మైకు ఉండగా ఈ చుక్కలూ గీతలూ దేనికన్నది వారిలో వారికే తెగని తగవు.

ఒకప్పుడు ఈ తగవుకు తావే లేదు. దూర దేశాలకు వెళ్లే బాండ్ల మీద మాట్లాడాలంటే మోర్స్ వచ్చి తీరాలని అంతర్జాతీయ నిబంధన ఉండేది. మన దేశంలో గ్రేడు 2 పరీక్షకు నిమిషానికి 5 మాటలు, గ్రేడు 1కి 12 మాటలు పంపాలి, వినాలి. మాటంటే 5 అక్షరాల లెక్క. సర్క్యూట్లు క్షుణ్ణంగా తెలిసినవారు కూడా ఈ 12 మాటల దగ్గర చతికిలబడేవారు. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సభ ఆ నిర్బంధాన్ని ఎత్తేసి, ఉంచుకోవాలో వద్దో ఏ దేశానికి ఆ దేశమే చూసుకోమంది. అమెరికా 2007లో పూర్తిగా తీసేసింది. మన ప్రభుత్వం మధ్యేమార్గం పట్టింది. 2009 నిబంధనల్లో రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదంది. జనరల్ గ్రేడుకు మాత్రం నిమిషానికి 8 మాటలు పెట్టింది.

ఆపద వేళ మోర్సే దిక్కని పాతకాపులు వాదిస్తారు. ఈ వాదంలో సగమే నిజం. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు టెలిఫోన్, తంతి తీగలు తెగి ఊళ్లకు ఊళ్లే ఒంటరివయ్యాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను ఊపేసినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఇలాంటప్పుడు వైర్‌లెస్ కావాలనడంలో సందేహం లేదు. అయితే ఆ వైర్‌లెస్ మోర్సే కానక్కర్లేదు. 2004 డిసెంబర్‌లో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో హామ్ స్టేషను నడుపుతోంది. 26వ తేదీన సునామీ వచ్చింది. ఫోన్లు పనిచేయని దీవుల నుంచి అయినవాళ్ల క్షేమ సమాచారాలు ఆ బృందం ద్వారానే ఎన్నో ఇళ్లకు చేరాయి. అందులో చాలావరకు మైకులో నోటితో చెప్పినవే. బాధితుల పేర్ల జాబితా చదవడానికి మైకును మించింది లేదు.

మరి మోర్స్ ఎవరికి పనికొస్తుంది? జవాబు పట్నంలో కంటే పల్లెలోనే దొరుకుతుంది.

మొదటిది ఇంగ్లీషు బెరుకు. మైకు పట్టుకుని జపాన్ వాడితోనో రష్యా వాడితోనో మాట్లాడాలంటే ఇంటర్ చదివిన కుర్రాడికి కూడా నోట మాట రాదు. యాస అర్థం కాదు. మోర్స్‌లో ఆ గొడవ లేదు. ‘సీక్యూ’ అంటే ఎవరైనా పలకండని పిలుపు. ‘క్యూటీహెచ్’ అంటే ఉండే చోటు. ‘599’ అంటే నీ సిగ్నలు ఖణీగా ఉందని. ‘73’ అంటే శుభాకాంక్షలు, ఇక సెలవని. పేరు, ఊరు, ఈ కొద్దిపాటి గుర్తులు తెలిస్తే చాలు, అవతలివాడిదీ అదే భాష. ఇద్దరికీ ఇంగ్లీషు రాకపోయినా పలకరింపు పూర్తవుతుంది.

రెండోది ఖర్చు. మైకులో మాట ఆకాశంలో సుమారు 2,500 హెర్ట్జ్ వెడల్పు జాగా ఆక్రమిస్తుంది. మోర్స్‌కు 150 చాలు. బావిలో ఉన్న కాసిని నీళ్లను చేనంతా పారిస్తే తడిసీ తడవనట్టుంటుంది. ఒక్క బోదెలో వదిలితే చివరిదాకా పోతాయి. ఇదీ అంతే. 5 వాట్ల సెట్టు, అంటే ఇంట్లో వెలిగే ఎల్ఈడీ బల్బు కంటే తక్కువ కరెంటు, వాతావరణం కలిసొస్తే ఖండాలు దాటుతుంది. ఆ సెట్టును నాలుగైదు ట్రాన్సిస్టర్లతో, ఒక క్రిస్టల్‌తో ఇంట్లో బిగించుకోవచ్చు. 7 మెగాహెర్ట్జ్‌కు ఏరియల్ అంటే రెండు కొబ్బరిచెట్ల మధ్య 66 అడుగుల రాగితీగ; మధ్యలో తెంపి, అక్కణ్నుంచి సెట్టుకు కేబులు దించాలి. కరెంటు పోతే ట్రాక్టరు బ్యాటరీ ఉండనే ఉంది.

మోర్స్‌ను మించిన యంత్రాలు రాకపోలేదు. 2017లో ఎఫ్‌టీ8 అనే కంప్యూటర్ పద్ధతి వచ్చింది. దాన్ని రూపొందించిన ఇద్దరిలో జో టేలర్ ఒకరు. 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ పొందినవాడు. చెవికి అసలు ఆనని సిగ్నలును సైతం అది పట్టి అక్షరాలుగా చూపిస్తుంది. బలహీన సిగ్నళ్ల పందెంలో మోర్స్ ఓడిందని ఒప్పుకోవాల్సిందే. కాకపోతే దానికి కంప్యూటర్ కావాలి, గడియారం క్షణం తేడా రాకుండా నడవాలి. పైగా రెండు కంప్యూటర్లు పలకరించుకుంటే పక్కన కూర్చున్నవాడికి మిగిలే సంబరమెంతో ఆ కూర్చున్నవాడే చెప్పాలి.

నేర్చుకోవడం కష్టమనే భయంలో చాలా భాగం పద్ధతి తప్పడం వల్ల వచ్చిందే. చుక్కలూ గీతలూ కాగితం మీద రాసుకుని బట్టీ పడితే రాదు. డప్పు దరువును ఎవరూ లెక్కపెట్టి నేర్చుకోరు, వినీ వినీ చేతికి ఎక్కించుకుంటారు. ‘ఎ’ అంటే డిట్ డా, ‘ఎన్’ అంటే డా డిట్. మొదట్నుంచీ వేగంగానే వినాలి. రెండక్షరాలు పట్టుబడ్డాక మూడోది కలపాలి. నెమ్మదిగా లెక్కపెట్టడం అలవాటైతే తర్వాత వేగం పెంచబోయినప్పుడు ఆ లెక్కే కాళ్లకు అడ్డం పడుతుంది. ‘ఇ’కి ఒక్క చుక్క, ‘టి’కి ఒక్క గీత ఇవ్వడంలోనూ కిటుకుంది. ఇంగ్లీషులో ఎక్కువగా వాడే అక్షరాలకు చిన్న గుర్తులిచ్చారు. ఏ అక్షరం వాడకం ఎంతో తేల్చడానికి మోర్స్ సహచరుడు ఆల్‌ఫ్రెడ్ వెయిల్ ఓ పత్రికాఫీసు అచ్చుగదిలో సీసపు అక్షరాలు లెక్కపెట్టాడని చెబుతారు.

ఒక బజరు, టార్చి బ్యాటరీ, కీ ఉంటే సాధన మొదలుపెట్టొచ్చు. దానికి లైసెన్సుతో పనిలేదు. ఏరియల్‌కు కలిపి ప్రసారం చేస్తే మాత్రం లైసెన్సు లేకుండా నేరం. వినాలనుకునే వారు 7 మెగాహెర్ట్జ్ బాండు కింది కొసన, 7,000 నుంచి 7,040 కిలోహెర్ట్జ్ మధ్య, సాయంత్రాలు వెతకాలి. ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ రేడియోకు ఆ జాగా అందినా డిట్ డా వినిపించదు, బుస్ బుస్‌మని గాలి ఆగి ఆగి వచ్చినట్టుంటుంది. రేడియో పాడైందనుకోనక్కర్లేదు. బీఎఫ్ఓ అనే చిన్న సర్క్యూటు కలిపితే ఆ బుసే ఈలగా పలుకుతుంది.