గొట్టం ఎందుకు ఊడిపోదు?

ఊళ్ళో ఎక్కడైనా ఇల్లు అంటుకుంటే గంట మోగించుకుంటూ ఫైరింజను వస్తుంది. అందులోనుంచి సిబ్బంది దిగుతారు. చుట్టలుగా వున్న కేన్వాసు గొట్టాలను దొర్లించి పరుస్తారు. ఒకదాని కొస మరొకదాని కొసలోకి నెడతారు. ‘టక్’ మని చప్పుడవుతుంది. అంతే, రెండు గొట్టాలూ ఒకటైపోతాయి. క్షణంలో నీళ్ళు చిమ్ముతాయి. మన చూపంతా ఆ నీటిధార మీదే వుంటుంది. కాని ఆ ధార మంటదాకా చేరడానికి అసలు కారణం ఎవరూ చూడని చోట వుంది. అది గొట్టాన్ని ఇత్తడి కప్లింగుతో కలిపి బిగించిన కట్టు.

ఆ కట్టు ఎంత బలాన్ని తట్టుకోవాలో లెక్క వేద్దాం. మన దేశంలో మామూలుగా వాడే గొట్టం లోపలి వ్యాసం 63 మిల్లీమీటర్లు, అంటే 6.3 సెంటీమీటర్లు. దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 31 చదరపు సెంటీమీటర్లు. నీటి పీడనం చదరపు సెంటీమీటరుకు 7 కిలోగ్రాములు అనుకోండి. గొట్టం చివర నాజిల్‌ను మూసేస్తే ఆ నీరు ముందున్న కప్లింగును 31 × 7 = 217 కిలోగ్రాముల బలంతో తోస్తుంది. అంటే రెండు క్వింటాళ్ళకు పైగా బియ్యాన్ని ఆ కట్టుకు వేలాడదీసినట్లే! పొలంలో మోటారు నీటిని 20 మీటర్ల ఎత్తుకు తోడినా పీడనం 2 కిలోగ్రాములకు మించి అంతగా వుండదు. అందుకే పొలం పైపుకు ఒక మామూలు క్లిప్పు సరిపోతుంది. ఇక్కడ అది చాలదు.

మరి కట్టు ఎలా కడతారు? కప్లింగు వెనుక భాగం తోకలాగా పొడుగ్గా వుంటుంది. దానిమీద చుట్టూ గట్లూ గాడులూ చెక్కి వుంటాయి. గొట్టం కొసను వంకర లేకుండా కోసి, ఈ తోకమీదికి చివరంటా ఎక్కిస్తారు. గొట్టంమీద ఒక పట్టీ చుట్టి, దానిపైన రాగి తీగనుగాని, జింకు పూత పూసిన ఇనుప తీగనుగాని బాగా లాగి, చుట్టు పక్కన చుట్టు ఆనుకునేటట్లు చుడతారు. పట్టీ ఎందుకంటే, బిగువుకు తీగ గొట్టాన్ని కోసెయ్యకుండా. చివరికి తీగ కొసను లోపలికి దూర్చి నలగ్గొడతారు. లేకపోతే చీకట్లో గొట్టం పట్టుకున్నవాడి అరచెయ్యి చీరుకుపోతుంది.

ఇప్పుడు ఇందులోని విజ్ఞానం చూడండి. గొట్టాన్ని పట్టి వుంచేది ఘర్షణ. ఘర్షణ బలం రెండు తలాలూ ఒకదాన్నొకటి ఎంత గట్టిగా ఒత్తుకుంటే అంత పెరుగుతుంది. తీగను 20 కిలోగ్రాముల బలంతో లాగి ఒక చుట్టు చుడితే, అది చుట్టూతా లోపలికి ఒత్తే మొత్తం బలం 2π × 20, అంటే సుమారు 125 కిలోగ్రాములు. ఇలాంటివి 15 చుట్లు వేస్తే 1,875 కిలోగ్రాములు. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, గొట్టం జారకుండా పట్టుకునే బలం 560 కిలోగ్రాముల పైచిలుకు. మనకు కావలసింది 217. కాబట్టి కట్టు నిలుస్తుంది. కాని అదే తీగను వదులుగా, 5 కిలోగ్రాముల బలంతోనే చుట్టారనుకోండి. పట్టు 140 కిలోగ్రాములకు పడిపోతుంది. గొట్టం ఊడిపోతుంది! తీగ అదే, చుట్లూ అన్నే. తేడా అంతా బిగువులోనే వుంది. గొట్టం సులువుగా ఎక్కుతుందని తోకకు నూనె రాయడం ఇందుకే తప్పు. నూనె ఘర్షణను తగ్గిస్తుంది, రబ్బరునూ పాడుచేస్తుంది.

కట్టు ఊడకపోయినా కారవచ్చు. ఆ పీడనం దగ్గర సందులోనుంచి నీరు సెకనుకు సుమారు 37 మీటర్ల వేగంతో దూసుకువస్తుంది. పది చదరపు మిల్లీమీటర్ల సందు వున్నా చాలు, నిమిషానికి ఇంచుమించు ఒక బిందెడు నీళ్ళు నేలపాలవుతాయి. మంట 150 మీటర్ల దూరంలో వుంటే 15 మీటర్ల గొట్టాలు పది కలపాలి. పది గొట్టాలకు ఇరవై కట్లు. ఒక్కొక్కటీ కొంచెం కొంచెం కారినా నాజిల్ దగ్గర ధార నీరసిస్తుంది. మూడో అంతస్తుకు చేరవలసిన నీరు రెండో అంతస్తులోనే పడిపోతుంది.

రెండు కప్లింగులు కలిసే చోట కారకుండా చూసేది రబ్బరు వాషరు. దానికి పెదవిలాంటి అంచు వుంటుంది. నీరు ఆ పెదవి వెనుక చేరి దాన్ని లోహానికి అదుముతుంది. అంటే పీడనం పెరిగినకొద్దీ సందు ఇంకా గట్టిగా మూసుకుంటుంది. మూత లోపలినుంచి బిగిసే ప్రెషర్ కుక్కరు కూడా ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది. శత్రువు బలాన్నే మనకు కాపలాగా పెట్టుకోవడమన్నమాట!

ఈ గొట్టాల కథ పాతదే. హాలెండులోని ఆమ్‌స్టర్‌డాం నగరంలో యాన్ వాన్ డెర్ హైడెన్ అనే చిత్రకారుడు తన సోదరుడితో కలిసి 1670 దశకంలో తోలు గొట్టాలను, వాటిని కలిపే ఇత్తడి కప్లింగులను మంటలార్పడానికి ప్రవేశపెట్టాడు. కుట్టిన తోలు కుట్ల దగ్గర కారేది. 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కుట్లకు బదులు రాగి రివెట్లు కొట్టారు. అవిసె నారతో నేసిన గొట్టాలు కూడా వచ్చాయి. నీళ్ళు తగలగానే నార ఉబ్బి, నేతలోని సందులను తానే మూసేది.

కట్టు గట్టిగా వుంటే చాలదు, కప్లింగులు ఒకదానికొకటి సరిపోవాలి. 1904 ఫిబ్రవరి 7న అమెరికాలోని బాల్టిమోర్ నగరం అంటుకుంది. వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్‌లనుంచి దళాలు సాయానికి పరుగెత్తుకొచ్చాయి. కాని చాలామంది గొట్టాలు బాల్టిమోర్ నీటి కుళాయిలకు పట్టలేదు. ఒక్కొక్క ఊళ్ళో మరలు ఒక్కొక్క కొలత! మనుషులున్నారు, గొట్టాలున్నాయి, నీళ్ళున్నాయి. వాటిని కలిపే మర ఒక్కటే లేదు. 1,500కు పైగా కట్టడాలు కాలిపోయాయి. మరుసటి సంవత్సరమే ఆ దేశంలో రెండున్నర అంగుళాల కప్లింగుకు అంగుళానికి ఏడున్నర మరలు వుండాలని ప్రమాణం నిర్ణయించారు. అయినా 1991లో ఓక్లండ్ కొండల్లో మంటలు లేచినప్పుడు, అక్కడి కుళాయిలు మూడంగుళాలవి కావడంవల్ల బయటినుంచి వచ్చిన దళాలు మళ్ళీ అదే తిప్పలు పడ్డాయి. మన దేశంలో ఈ కప్లింగులకు భారతీయ ప్రమాణం వుంది. దాని సంఖ్య ఐ.ఎస్. 903. ఆ ప్రమాణం ప్రకారం చేసినవైతే విజయవాడ గొట్టం వరంగల్ గొట్టంలో ‘టక్’ మని కూర్చోవాలి.

ఇంట్లో మీరు ఒక ప్రయోగం చెయ్యండి. కుళాయి మూతికి రబ్బరు గొట్టం తగిలించి, పురికొసతో ఒకే ఒక చుట్టు వదులుగా కట్టండి. కుళాయి విప్పండి. నీరు హాయిగా పోతూ వుంటుంది. ఇప్పుడు గొట్టం కొసను బొటనవేలితో మూయండి. ఏమైంది? కట్టు దగ్గర నీరు చిమ్ముతుంది, లేదా గొట్టమే ఊడివస్తుంది. ఈసారి పది చుట్లు బాగా లాగి కట్టి చూడండి. నీరు పారుతున్నప్పుడు నిలిచిన కట్టు, మూయగానే ఎందుకు ఓడిపోయిందో పైన చెప్పిన లెక్కతో మీరే వివరించండి.

అగ్నిమాపక కేంద్రాలలో గొట్టాన్ని పరీక్షించేటప్పుడు కప్లింగు వెనుక గొట్టంమీద ఒక గీత గీస్తారు. నెమ్మదిగా నీళ్ళు నింపి, గాలినంతా పోనిచ్చి, పీడనం పెంచుతారు. గీత కొంచెం జరిగినా కట్టు జారుతున్నదన్నమాట. ఆ గొట్టాన్ని పక్కన పెట్టి మళ్ళీ కడతారు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలి, మంటలార్పుతున్న 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వారి జ్ఞాపకార్థం ఏటా ఏప్రిల్ 14నుంచి 20వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో మీ మాస్టారితో కలిసి దగ్గరి కేంద్రానికి వెళ్ళండి. ఎర్రబండినీ, నిచ్చెననూ ఎలాగూ చూస్తారు. గొట్టం కొసనున్న తీగ చుట్లను కూడా ఒక్కసారి లెక్కపెట్టి రండి.