పోటీ ఈత: నీటి నిరోధాన్ని తగ్గించుకోవడం

మీకు ఈత వచ్చా? వచ్చు అని మీరు అంటే, ఎక్కడ నేర్చుకున్నారు అన్నది మా రెండో ప్రశ్న.

ఖరగ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాలలో చాలావాటి మూలాలు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో ఉన్నాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో పనికోసం ఇక్కడికి వచ్చారు. మీ తాతగారు ఊరి బావిలో, నడుముకు ఎండిన ఆనపకాయ బుర్ర కట్టుకొని ఈత నేర్చుకొని ఉండవచ్చు. మీరు ఇక్కడి పుకూర్‌లో నేర్చుకొని ఉండవచ్చు. మునగకుండా అవతలి గట్టు చేరడం ఆ ఈత లక్ష్యం. అది తప్పుడు ఈత కాదు. అవసరమైనప్పుడు ప్రాణం కాపాడే ఈత.

కాని అదే ఈతతో పోటీ కొలనులో దిగి చూడండి. 25 మీటర్లకే ఆయాసం వస్తుంది. పక్క వరుసలో మీలో సగం బలం కూడా లేని పదమూడేళ్ల పిల్ల తేలికగా ముందుకు వెళ్లిపోతుంది. మీరు ఇంకా గట్టిగా చేతులు కొడతారు. ఇంకా త్వరగా అలసిపోతారు. ఇలా ఎందుకు జరుగుతుందో, ఏం మార్చుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

నీరు ఎలా అడ్డుకుంటుంది?

నీరు గాలికంటే సుమారు 800 రెట్లు సాంద్రమైనది. మనం ముందుకు కదిలేటప్పుడు అది మనల్ని వెనక్కి నెడుతుంది. దీనినే నీటి నిరోధం అంటాము. వేగం రెట్టింపైతే నిరోధం దాదాపు నాలుగు రెట్లు అవుతుంది. అంటే బలంతో వేగం కొనాలంటే చాలా ఖరీదు.

రైల్వే పట్టాలపై ట్రాలీ నెట్టినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ఇరుసులో గ్రీజు లేని ట్రాలీని నలుగురు నెట్టినా కష్టంగానే కదులుతుంది. గ్రీజు పెడితే ఇద్దరు చాలు. కొత్తగా పోటీ ఈత నేర్చుకునేవారు నలుగురి బలం కోసం వెతుకుతారు. ముందు చూడవలసింది ఇరుసును.

తల ఎత్తితే ఏమవుతుంది?

మీ ఊపిరితిత్తులలో గాలి ఉంది. కాబట్టి ఛాతీ భాగం తేలుతుంది. కాళ్లలో ఎముక, కండ ఎక్కువ. అవి మునుగుతాయి. శరీరం పిల్లలు ఆడే ఏతాము బల్ల వంటిది. ఒక కొన పైకి లేస్తే రెండో కొన కిందికి పోతుంది. తల నీటి పైకి ఎత్తగానే నడుము, కాళ్లు దిగిపోతాయి. అప్పుడు మీరు నీటిలో బాణంలా కాక, ఏటవాలుగా పెట్టిన తలుపులా వెళతారు. ఆ తలుపును లాగడానికే మీ బలమంతా ఖర్చవుతుంది.

చెరువులో తల ఎత్తడానికి మంచి కారణాలే ఉన్నాయి. గట్టు ఎటు ఉందో చూడాలి, నాచు తప్పించుకోవాలి, మురికి నీరు నోట్లోకి పోకూడదు. పోటీ కొలనులో ఈ కారణాలు లేవు. అడుగున మీ వరుసకు ఒక నల్లని గీత ఉంటుంది. దారి చూపేది అదే. కాబట్టి చూపు ముందుకు కాదు, అడుగుకు ఉండాలి.

చేసి చూడండి: ఛాతీ లోతు నీటిలో నిలబడి, పాదాలతో గోడను తన్ని, రెండు చేతులూ ముందుకు చాచి, కదలకుండా జారండి. మొదటిసారి ఎదురుగా చూస్తూ జారండి. రెండోసారి ముఖం నీటిలో పెట్టి అడుగును చూస్తూ జారండి. ఎంత దూరం వెళ్లారో రెండుసార్లూ గుర్తు పెట్టండి. తోడు ఒకరు గట్టు మీద ఉండి చూడాలి.

ఊపిరి

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ముఖం నీటిలో ఉంటే ఊపిరి ఎలా? కొత్తవారు సాధారణంగా ఊపిరి బిగబడతారు. తల తిప్పిన అరక్షణంలో పాత గాలి వదిలి కొత్త గాలి పీల్చాలని చూస్తారు. రెండు పనులకు సమయం చాలదు. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. మనకు ఉక్కిరిబిక్కిరి అనిపించేది ముఖ్యంగా దానివల్లనే. కాబట్టి ముఖం నీటిలో ఉన్నంతసేపూ ముక్కు, నోటి ద్వారా బుడగలుగా గాలి వదులుతూ ఉండాలి. తల తిప్పినప్పుడు పీల్చడం ఒక్కటే పని.

దీనికి కొలను అక్కరలేదు. ఇంట్లో బకెట్టు నీళ్లు చాలు. ముఖం ముంచి నెమ్మదిగా వదలండి, పక్కకు తిప్పి పీల్చండి. ఇరవైసార్లు ఆగకుండా చేయగలిగితే కొలనులో సగం భయం పోయినట్టే. క్రాల్ ఈతలో తలను పైకి ఎత్తకుండా, భుజాలతోపాటు పక్కకు దొర్లించండి. ఒక చెవి నీటిలోనే ఉండాలి.

ఒక హెచ్చరిక. ఎక్కువసేపు మునిగి ఉండాలని ముందుగా గబగబా ఊపిరి తీసుకొని నీటిలోకి వెళ్లకండి. అలా చేస్తే కార్బన్ డయాక్సైడ్ తగ్గి, ఊపిరి కావాలనే సంకేతం ఆలస్యమవుతుంది. ఈత బాగా వచ్చినవారు కూడా ఇలా స్పృహ తప్పి మరణించారు. ఖరగ్‌పూర్‌కూ మేదినీపూర్‌కూ మధ్య పారే కంసావతి నదిలో గానీ, చెరువులో గానీ ఒంటరిగా సాధన చేయవద్దు.

కాళ్లు, చేతులు

క్రాల్ ఈతలో చాలామంది సైకిలు తొక్కినట్టు మోకాళ్లు మడుస్తారు. అప్పుడు తొడ నీటికి అడ్డుగోడ అవుతుంది. తన్ను తుంటి నుంచి రావాలి. మోకాలు కొద్దిగా వదులుగా, పాదం వెనక్కి సాగి ఉండాలి. రోజంతా గట్టి బూట్లతో వర్కుషాపులో నిలబడేవారి చీలమండలు బిగుసుకొని ఉండవచ్చు. రోజూ కొన్ని నిమిషాలు వజ్రాసనంలో కూర్చుంటే అవి వదులవుతాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవారు మాత్రం మానండి.

చేయి భుజానికి సూటిగా ముందు నీటిలో దిగాలి, తలకు అడ్డంగా కాదు. తరువాత మోచేయిని ఎత్తుగానే ఉంచి, అరచేయి, ముంజేయి కలిపి ఒకే తెడ్డులా నీటిని వెనక్కి నెట్టండి. మోచేయి ముందుగా జారిపోతే తెడ్డు విరిగినట్టే.

వెల్లకిల ఈతలోనూ సూత్రం ఇదే: నడుము కుంగకూడదు. సీతాకోకచిలుక ఈతను మాత్రం తొందరపడి మొదలుపెట్టకండి. మిగతావి కుదిరాక చూడవచ్చు.

కప్ప ఈత

చెరువులో నేర్చుకున్నవారికి దగ్గరగా అనిపించేది ఇదే. పోటీలో అనర్హులయ్యే ప్రమాదమూ ఇందులోనే ఎక్కువ. రెండు కాళ్లూ ఒకేసారి, ఒకేలా కదలాలి. పాదాలు బయటికి తిరగాలి. చెరువు అలవాటులో ఒక కాలు కత్తెరలా పక్కకు పోతుంది. మీకు తెలియకుండానే పోతుంది కాబట్టి ఎవరినైనా వెనకనుంచి చూడమనండి. మలుపు దగ్గర, ముగింపు దగ్గర రెండు చేతులతో ఒకేసారి గోడను తాకాలి. క్రమం ఇది: చేతులు లాగడం, ఊపిరి, తన్ను, ఆ తరువాత చేతులు చాచి జారడం. జారడాన్ని కొత్తవారు వృథా అనుకొని మానేస్తారు. తన్నుతో వచ్చిన వేగం మీకు దక్కేది అప్పుడే.

ఈ ఈత నియమాలు ఎప్పుడూ ఇలాగే లేవు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్ 200 మీటర్ల మహిళల పోటీలో కప్ప ఈతకు సీతాకోకచిలుక చేతులు కలిపి ఈదడం చెల్లింది. గెలిచిన హంగరీ క్రీడాకారిణి ఎవా సెకెయ్ అలాగే ఈదారు. ఆ తరువాతే రెండు ఈతలనూ వేరుచేశారు. అదే పోటీలో మన దేశం తరపున కలకత్తా బాలిక ఆరతి సాహా పాల్గొన్నారు. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు నిండలేదు. 1959 ఆగస్టులో ఇంగ్లీషు ఛానల్ ఈదబోయి తీరం చేరలేకపోయారు. నెల తరువాత, సెప్టెంబరు 29న, 16 గంటల 20 నిమిషాలలో దాటారు. ఆ ఘనత సాధించిన మొదటి ఆసియా మహిళ ఆమె.

చిన్నప్పుడు మొదలుపెట్టలేదే అని మీకు అనిపించవచ్చు. హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. నీరంటే ఆమెకు భయం ఉండేది. 2021 మార్చిలో శ్రీలంక, భారత్‌ల మధ్య పాక్ జలసంధిని ఈది దాటారు.

మెరుగుదలను కొలవడం

ఎంత అలసిపోయారన్నది కొలత కాదు. 25 మీటర్లకు ఎన్ని బారలు పట్టాయి, ఎన్ని సెకన్లు పట్టాయి అన్న రెండింటినీ రాసుకోండి. బారలు మాత్రమే లెక్కిస్తే మధ్యలో ఆగి ఆగి సంఖ్య తగ్గించుకోవచ్చు. అది మనల్ని మనం మోసగించుకోవడం. సెకన్లు పెరగకుండా బారలు తగ్గితే నిరోధం తగ్గిందని అర్థం.

పాఠగత ప్రశ్న

ఖరగ్‌పూర్ స్టేషనులోని పొడవాటి ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం వచ్చేవరకు ప్రపంచంలో అన్నిటికంటే పొడవైనదని దానికి పేరు. ఒకరికి 25 మీటర్లకు 30 బారలు పడుతున్నాయి. అంత దూరం ఈదడానికి ఎన్ని బారలు కావాలి? తల దించి, ఊపిరి సరిచేసుకున్నాక అవి 24కు తగ్గితే ఎన్ని మిగులుతాయి?

జవాబు: 1072.5ను 25తో భాగిస్తే 42.9. మొదట 1287 బారలు, తరువాత సుమారు 1030. మిగిలినవి 257. ఇప్పుడు మీ సొంత బారల సంఖ్యతో ఇదే లెక్క చేసి, తేదీ వేసి నోటుపుస్తకంలో రాయండి. నాలుగు వారాల తరువాత మళ్లీ చేయండి.