పెద్దవాళ్ళ కాళ్ళ వాపు: రెండు కాళ్ళకా, ఒక్క కాలికా?

నేను డాక్టర్ని కాను, ఫ్రీమాంట్‌లో కంప్యూటర్ కన్సల్టెంట్‌ని. వేసవి వచ్చిందంటే ఇక్కడ లేక్ ఎలిజబెత్ చుట్టూ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు నడుస్తూ కనిపిస్తారు. వాళ్ళలో కొందరికి విమానం దిగేసరికి చెప్పులు పట్టవు. అడిగితే "ప్రయాణం బడలికరా, అదే తగ్గుతుంది" అంటారు. మా నాన్నగారూ అదే అన్నారు. లోపల ఉన్నది డాక్టరు బిల్లు భయం.

కాళ్ళలోని రక్తం గుండెకు తిరిగి చేరాలంటే పిక్క కండరాలు దాన్ని పైకి నెట్టాలి. మళ్ళీ కిందికి జారకుండా సిరల్లోని కవాటాలు ఆపాలి. వయసు మీదపడితే ఆ కవాటాలు బలహీనపడతాయి. ఇరవై గంటలు కదలకుండా కూర్చుంటే పాదాల్లోకి నీరు దిగుతుంది. మామూలుగా ఇది రెండు కాళ్ళకూ వస్తుంది. కాళ్ళు ఎత్తులో పెట్టుకుని, కాస్త నడుస్తూ ఉంటే కొద్ది రోజుల్లో తగ్గుతుంది.

తగ్గలేదా? ముందు మందుల సంచీ చూడండి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, షుగరుకు వాడే పయోగ్లిటజోన్, మోకాళ్ళ నొప్పికి వేసుకునే ఐబుప్రొఫెన్ కూడా వాపు తెప్పించగలవు. మా నాన్నగారికి కారణం ఆమ్లోడిపినే. డాక్టరు మాత్ర మార్చాక వాపు తీసింది. అలాగని మీ అంతట మీరు మందు ఆపకండి. ఆవకాయ, అప్పడాల ఉప్పు కూడా ఒంట్లో నీటిని నిలబెడుతుంది.

వాపుతోపాటు పడుకుంటే ఆయాసం వస్తుంటే గుండెను, మూత్రంలో నురగ పోతుంటే మూత్రపిండాలను చూపించుకోవాలి. కాలేయం, థైరాయిడ్ జబ్బుల్లోనూ వాపు రావచ్చు. మన కోస్తా జిల్లాల్లో ఎరిగిన బోదకాలైతే ఏళ్ళ తరబడి పెరుగుతుంది.

అన్నిటికన్నా తొందరపడాల్సింది ఒక్క కాలే హఠాత్తుగా వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉన్నప్పుడు. సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అలాంటి కాలిని పిసకకండి, ఆ రోజే డాక్టరుకి చూపించండి. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. ఆయాసమో, ఛాతీనొప్పో వస్తే వెంటనే 911కి ఫోన్ చెయ్యండి.

పెద్దవాళ్ళు తమంతట తాము చెప్పరు. ఈ సాయంత్రం మీరే మేజోళ్ళు తీయించి రెండు కాళ్ళూ చూడండి. ఇన్సూరెన్స్ కాగితాలు తరవాత చూసుకోవచ్చు. సెలవు.