గాలి తగలని రోడ్డు మీద రేసు బండి

సాయంత్రం ఆరున్నర. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ రైల్వే అండర్‌బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్ కదలడం లేదు. నా పక్కన పాత స్ప్లెండర్ మీద ఖాళీ పాలక్యాన్లు కట్టుకుని ఒక పెద్దాయన. ఒక కాలు నేలమీద ఆనించి, నిటారుగా, ఇంట్లో కుర్చీలో కూర్చున్నంత తాపీగా ఉన్నాడు. నేను ట్యాంకు మీదికి వంగి, ఒంటి బరువు రెండు మణికట్ల మీద మోపి, తొడలకు కొడుతున్న సెగకు మోకాళ్లు పక్కకు జరుపుకుంటున్నాను. అంతలో నా బండిలో ఫ్యాన్ గుయ్యిమంటూ మొదలైంది. పెద్దాయన తల తిప్పి చూశాడు.

"ఎంతిస్తది?"

"పాతిక."

ఆయన ఇంకేమీ అడగలేదు.

మా తమ్ముడు అమెరికా వెళ్తూ నాకు అప్పగించిన మూడు వందల సీసీ స్పోర్ట్స్ బైకు అది. రెండేళ్లు దానిమీదే ఆఫీసుకు వెళ్లివచ్చాను. ఈ రెండేళ్లలో బంధువులు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో సహా అందరూ అడిగింది ఒకటే: "సిటీలో అంత పవర్ దేనికి?" మొదట్లో నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఇబ్బంది పవర్‌తో కాదని తెలియడానికి కొంతకాలం పట్టింది.

లెక్క చూద్దాం. ఈ తరగతిలో మన దగ్గర బాగా తెలిసిన బండి కవాసకి నింజా 300. 296 సీసీ, రెండు సిలిండర్లు, 39 పీఎస్, అంటే ఇంచుమించు 39 గుర్రాల శక్తి. స్ప్లెండర్ ప్లస్ శక్తి 8 పీఎస్. అయిదు రెట్లు తేడా అని భయపడతాం. కానీ ఆ 39 వచ్చేది ఇంజిన్ నిమిషానికి 11,000 చుట్లు తిరిగినప్పుడు. ఆఫీసు దారిలో అది తిరిగేది మూడు నాలుగు వేలే. శక్తి అంటే టార్క్‌ను, అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని, చుట్ల వేగంతో గుణిస్తే వచ్చేది. నింజా గరిష్ఠ టార్క్ 26 న్యూటన్ మీటర్లు, అదీ 10,000 చుట్ల దగ్గర. అంత టార్క్ 4,000 దగ్గరే ఉందని ఉదారంగా ఒప్పుకున్నా లెక్క 15 పీఎస్ దాటదు. నిజానికి అక్కడ అంత ఉండదు. 112 కిలోల స్ప్లెండర్ పక్కన ఈ బండి బరువు 179 కిలోలు. అంటే సిగ్నల్ దగ్గర మనం కూర్చున్నది 39 గుర్రాల మీద కాదు, బరువెక్కువైన పది పన్నెండు గుర్రాల మీద. మిగతావి పైఅంతస్తులో నిద్రపోతుంటాయి.

అయితే ఒళ్లు ఎందుకు హూనమవుతుంది? స్పోర్ట్స్ బైకును గీసినవాడు ఒకటి ఖాయమనుకుని గీశాడు: ఎదురుగాలి ఉంటుందని. బండి ఆకారం, కూర్చునే తీరు, ఇంజిన్ చల్లబడే పద్ధతి అన్నీ ఆ గాలిని నమ్ముకున్నవే. మన ట్రాఫిక్‌లో లేనిది అదే.

మొదట మణికట్లు. మామూలు బండిలో హ్యాండిల్ పైకి, మన వైపుకు వంగి ఉంటుంది. స్పోర్ట్స్ బైకులో హ్యాండిల్ రెండు ముక్కలు. ముందు ఫోర్కు గొట్టాలకు కిందుగా బిగిస్తారు, వాటిని క్లిప్‌ఆన్‌లు అంటారు. ఫుట్‌రెస్టులు వెనక్కి, పైకి ఉంటాయి. దాంతో ఛాతీ ముందుకు వాలి, పైశరీరం బరువులో కొంత అరచేతుల మీద పడుతుంది. వంద కిలోమీటర్ల వేగంలో ఇది తెలియదు, ఎదురుగాలి ఛాతీని వెనక్కి నెట్టి ఆ బరువు తానే మోస్తుంది. గాలి తోపు వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. వందలో ఎంత ఉంటుందో ఇరవైలో దాంట్లో ఇరవై అయిదో వంతే ఉంటుంది. ఇరవైలో పోయేవాడి బరువు మోయడానికి ఎవరూ రారు, వాడి చేతులు తప్ప. వీపున ల్యాప్‌టాప్ బ్యాగుంటే అదీ చేతులదే.

మొదటి నెల ఇంటికి రాగానే గ్లాసు పట్టుకుంటే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కి ఉండేవి. మందు ఏమిటంటే, బరువు చేతులతో కాదు, మోకాళ్లతో మోయాలి. ట్యాంకును రెండు మోకాళ్లతో గట్టిగా నొక్కి పట్టుకుంటే నడుం, పొట్ట కండరాలు పైశరీరాన్ని నిలబెడతాయి. మోచేతులు కొంచెం మడిచి ఉంచాలి, గ్రిప్ మీద వేళ్లు వదులుగా ఉండాలి. బ్యాగు వీపు నుంచి తీసి వెనక సీటుకు కట్టెయ్యాలి. ఇవి మూడూ చేశాక తిమ్మిరి పోయింది. పొట్ట కండరాలు ఉన్నాయని నాకు ముప్పై ఎనిమిదో ఏట తెలిసింది.

తర్వాత వేడి. పెట్రోలు ఇంజిన్ ఏదైనా ఇంధనంలోని శక్తిలో ఇంచుమించు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా మాత్రమే పనిగా మార్చగలదు. మిగతాదంతా వేడే. అది సైలెన్సర్ గుండా కొంత, కూలెంట్ గుండా కొంత బయటికి పోవాలి. ఇంజిన్ చుట్టూ తిరిగే కూలెంట్ ముందున్న రేడియేటర్‌లోకి వస్తే, బండి పరుగెత్తేటప్పుడు తగిలే గాలి దాన్ని చల్లారుస్తుంది. బండి ఆగితే గాలీ ఆగుతుంది. కూలెంట్ వంద డిగ్రీల చుట్టుపక్కలకు చేరగానే ఫ్యాన్ అందుకుంటుంది. అది తోసిన వేడిగాలి ఎటు పోవాలి? చుట్టూ ఫెయిరింగ్, అంటే గాలిని చీల్చుకుపోవడానికి బండికి వేసిన ప్లాస్టిక్ తొడుగు. పరుగులో వేడిని వెనక్కి జారవిడిచే ఆ సందులే, ఆగిన చోట సెగను తిన్నగా తొడల మీదికి వదులుతాయి. రోడ్డే పెనంలా కాలే మే నెలలో, అమీర్‌పేట సిగ్నల్ దగ్గర జీన్స్ గుడ్డలోంచి ఆ సెగ ఎలా తగులుతుందో, పిండివంటల రోజు పొయ్యి ముందు కూర్చున్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఫ్యాన్ మోగితే కంగారు పడేవాళ్లున్నారు. అది మోగడం ఆరోగ్యమే. మోగాల్సిన చోట మోగకపోతే, డాష్‌బోర్డులో ఉష్ణోగ్రత గీతలు పైకి పాకుతుంటే, అప్పుడు బండి పక్కకు తీసి ఆపాలి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తియ్యకూడదు, లోపల ఒత్తిడితో మరిగే ద్రవం మొహాన చిమ్ముతుంది. కూలెంట్ తగ్గితే కుళాయి నీళ్లు పోసే అలవాటు కూడా మంచిది కాదు, లోపల తుప్పు, సున్నపు పొర పేరుకుంటాయి.

వేడికి తోడు క్లచ్. స్పోర్ట్స్ బైకులో మొదటి గేరు పొడుగు. స్ప్లెండర్ మొదటి గేరులో నత్తలా పాకినా ఊరుకుంటుంది. ఇది పదిహేను కిలోమీటర్లు దాటితేగానీ క్లచ్ పూర్తిగా వదలనివ్వదు, అంతకు తక్కువైతే కుదుపులు. కాబట్టి ట్రాఫిక్‌లో మనం తెలియకుండానే సగం క్లచ్ మీద తోలుతుంటాం. ప్లేట్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ అరుగుతాయి. ఆ ప్లేట్లు తిరిగేది ఇంజిన్ ఆయిల్‌లోనే కాబట్టి ఆయిలూ తొందరగా మాడుతుంది.

పద్నాలుగు వేల కిలోమీటర్లకే మా వీధి చివరి మెకానిక్ నా బండి క్లచ్ విప్పి, నల్లబడ్డ ప్లేటొకటి వేలితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని నాకూ చూపించాడు. మాడిన గోరు వాసన.

"అన్నా, బండి మంచిగనే ఉంది. నువ్వే రోజు సగం క్లచ్ మీద తోలుతున్నవ్."

"ట్రాఫిక్‌లో ఇంకేం చేయాలి తమ్ముడూ?"

"ముందటి బండికి ఆన్చకు. జర గ్యాప్ ఇడువు. గ్యాప్ పెరిగినంక ఒక్కసారి పొయ్యి మళ్ల ఆపు. సిగ్నల్ పడ్డదా, న్యూట్రల్ చెయ్."

అంతే సంగతి. ఇంచు ఇంచు జరగడం మానేసి, ముందు ఖాళీ వదిలి, అది పెద్దదయ్యాక ఒకేసారి కదలాలి. మధ్యలో ఆటోవాడు దూరతాడు. దూరనివ్వాలి, క్లచ్ ప్లేట్ల కంటే ఆ చోటు ఖరీదైంది కాదు.

ఈ బాధలు తయారీదారులకు తెలియనివి కావు. టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310కి 2020లో వచ్చిన మార్పులే అందుకు సాక్ష్యం. అర్బన్, రెయిన్ అని రెండు మోడ్‌లు పెట్టి, వాటిలో శక్తిని 34 పీఎస్ నుంచి 25.8కి కుదించారు. యాక్సిలరేటర్ తిప్పకుండానే ట్రాఫిక్‌లో బండి మెల్లగా పాకే ఏర్పాటూ చేశారు. రేసు బండిని కొని, దాంట్లో పాలబండిలా నడిచే బటన్ వెతుక్కోవడం తమాషాగా ఉంటుంది కానీ, రోజూ వాడేవాడికి అదే ముఖ్యం.

పవర్ కాదు, ఆకారమే అసలు సంగతి అన్నాను గదా. దానికి తిరుగులేని రుజువు కేటీఎం దగ్గరుంది. 2014లో ఆర్‌సీ 390 మన మార్కెట్లోకి వచ్చినప్పుడు దానిలో పెట్టింది అంతకు ఏడాది ముందు వచ్చిన డ్యూక్ 390 ఇంజినే. అదే 373 సీసీ, అదే 43 పీఎస్. ఒకదానికి ఫెయిరింగు, కిందికి దిగిన హ్యాండిలు. రెండోదానికి తొడుగు లేదు, హ్యాండిల్ పైకి. ఇంజిన్ వేడి రెండింటిలోనూ తక్కువేం కాదు, కానీ గంటసేపు ట్రాఫిక్‌లో మెడ, మణికట్టు చెప్పే మాట వేరు. ఇంకా వెనక్కి వెళ్తే 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350 ఉంది. మొదటి రకానికి ముప్పై హార్స్‌పవర్ పైనే. ఆ రోజుల్లో అది మాట వినని గుర్రం కిందే లెక్క. అయినా దాని మీద మనిషి నిటారుగా కూర్చునేవాడు. ఆ బండిని దెబ్బ తీసింది ఒంటినొప్పులు కాదు, మైలేజీ.

మైలేజీ అన్నాం కాబట్టి పాలక్యాన్ల పెద్దాయనకు బాకీపడ్డ జవాబు. రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 24 రోజులు అంటే 960 కిలోమీటర్లు. లీటరుకు పాతిక ఇచ్చే బండికి 38 లీటర్లు, అరవై ఇచ్చేదానికి 16. లీటరు 107 రూపాయల చొప్పున నెలకు తేడా 2,400 దాకా తేలుతుంది. దీనికి టైర్లు కలపాలి. వెడల్పుగా, మెత్తటి రబ్బరుతో ఉండే ఈ టైర్లు మలుపుల్లో పట్టు కోసం చేసినవి. మనం తిన్నగా పోయి తిన్నగా రావడంతో నడిమిభాగం చదునుగా అరిగి, అంచులు కొత్తగా మిగిలిపోతాయి. కొనేవాళ్లు 350 సీసీ అనే గీతను కూడా గుర్తుపెట్టుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ గీత లోపలి బండ్లకు జీఎస్‌టీ 18 శాతం, దాటితే 40. 2022లో సవరించిన థర్డ్ పార్టీ ప్రీమియం కూడా అదే గీత దగ్గర ఏడాదికి 1,366 నుంచి 2,804 రూపాయలకు ఎగబాకుతుంది.

చిన్న ఇబ్బందులు ఇంకొన్ని. స్ప్లెండర్ చైను మూతలో ఉంటుంది, దీనిది బయటే ఉంటుంది. అయిదారు వందల కిలోమీటర్లకోసారి తుడిచి లూబ్ కొట్టకపోతే కరకరలాడుతుంది. వెనక మడ్‌గార్డు పొట్టిది, వానాకాలంలో చొక్కా మీద మెడ నుంచి నడుం దాకా నిలువుగా బురద గీత. హ్యాండిల్ ఎక్కువ తిరగదు. సెల్లార్లో రెండు స్తంభాల మధ్య బండి మళ్లించడానికి నాకు మూడు సార్లు ముందుకీ వెనక్కీ తొయ్యాల్సి వచ్చేది, ఒకసారి బొటనవేలు ట్యాంకుకూ హ్యాండిల్‌కూ మధ్య నలిగింది కూడా. స్పీడ్ బ్రేకర్ ఎత్తు పది సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతుంది. మా కాలనీలోవి ఆ ఎత్తుతో, జానెడు వెడల్పుతో ఉన్నాయి. గట్టి సస్పెన్షన్ ఉన్న బండికి అది గోడ కిందే లెక్క. ఇక పిల్లియన్ సీటు గురించి మా ఆవిడ అన్నమాట ఇక్కడ రాయను.

ఇసుక గురించి మాత్రం నొక్కి చెప్పాలి. 2021 సెప్టెంబరులో నటుడు సాయిధరమ్ తేజ్ బండి దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటాక జారి పడినప్పుడు, రోడ్డు మీద ఉన్న ఇసుక, మట్టి గురించి ఊరంతా మాట్లాడుకుంది. తర్వాత ఊరు మరిచిపోయింది, ఇసుక మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. బ్రేకు వేసినప్పుడు ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది, లేని పట్టును పుట్టించలేదు.

మరి ఈ బండికి కావలసిన గాలి ఎక్కడ దొరుకుతుంది? 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పోయే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ అంతే. ఆ నిషేధం సబబైనదే, కార్ల మధ్య పడ్డ బైకు మిగలదు. కాకపోతే వేగం కోసం చేసిన బండికి ఊళ్లో మిగిలేది వేగం లేని దారులే.

అందుకే ఆదివారం తెల్లవారుజామున తుక్కుగూడ దాటి శ్రీశైలం రోడ్డు పట్టేవాణ్ణి. కడ్తాల్ దగ్గరికి వచ్చేసరికి వేగం ఎనభైకి చేరేది, చేతుల మీది బరువు ఎవరో ఎత్తుకున్నట్టు తేలికయ్యేది, ఉష్ణోగ్రత గీతలు రెండు దిగేవి. ఆమనగల్లులో టీ తాగి వెనక్కి తిరిగితే ఎల్బీనగర్ జంక్షన్ వచ్చేసరికి తొమ్మిదిన్నర. సిటీ బస్సు వెనకాల ఆగి, క్లచ్ నొక్కి, న్యూట్రల్ వేసి కూర్చుంటే, అర నిమిషంలో ఫ్యాన్ మొదలయ్యేది.